శెనక్కాయ అంచు

జూన్ 4
పొద్దున పంపిన కొత్త అంచు బొమ్మ ఫోటోకు నీలం టిక్కులు పడ్డాయి. హిందూపురం షావుకారు చూశాడు, ఊరుకున్నాడు. పోయినేడు నేను గీసిన చిలకల అంచు చీరలు ఆయన అంగడిలో బాగా పోయాయి. "నీ చేతిలో లక్ష్మి ఉండాదమ్మా" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి పెన్సిలు పట్టుకుంటే చిలకే వస్తోంది. ఇన్నాళ్లకు వేరేది వచ్చింది — శెనక్కాయ చెట్టు, పసుపు పువ్వులు, వేళ్లకు కాయలు. గీస్తూ గీస్తూ అన్నం మరిచాను.

జూన్ 5
షావుకారు ఫోన్ చేశాడు. ముందు నవ్వాడు.
"ఏమ్మా, పెండ్లికూతురు శెనక్కాయలు కట్టుకోని పీటల మీద కూచుంటాదా? చిలకలే వేసియ్యి, కండ్లు మూసుకోని అమ్ముతా."
"సరేనన్నా" అన్నాను. ఎందుకన్నాను? చెంపలు ఇంకా మండుతున్నాయి.

జూన్ 6
పెనుకొండలో ఉన్న నా స్నేహితురాలు సునీతకు పంపాను. "సూపర్ మే!" దానికి అన్నీ సూపరే. ఒకసారి పొరపాటున గ్యాస్ సిలిండర్ ఫోటో పోతే దానికీ సూపర్ అంది.

జూన్ 9
ఇంకో కాగితం మీద మళ్లీ గీశాను. కాయలు మామిడి పిందెలయ్యాయి. పువ్వులు తామరలు. మూలకు చిలకలు. ఇక ఎవరూ నవ్వరు... నాకే చూడబుద్ధి కావడం లేదు.
రెండు కాగితాలూ నాయన ముందు పెట్టి, మగ్గానికి బొమ్మ ఎక్కించే చిల్లుల అట్టలు కొత్తదానికి కొట్టించమన్నాను. చూశాడు. పక్కన పెట్టి మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. బాగుందనో బాగాలేదనో ఎప్పుడన్నాడు గనక!

జూన్ 13
ఏమీ గీయలేదు.

జూన్ 17
గీయలేదు. అడిగిన వాళ్లకు కళ్లు నొప్పి అని చెబుతున్నాను.

జూలై 2
మగ్గం దగ్గరికి టీ తీసుకెళ్లాను. అంచులో శెనక్కాయలు! గ్లాసు కింద పెట్టి వంగి చూశాను.
"నాయనా, పాత కాగితం ఎత్తుకపోయినావు."
"తెలుసు."
"షావుకారు తీసుకోడు."
"తీసుకోకుంటే మీయమ్మ కట్టుకుంటాది. ఆ రెండోది ఎవురైనా గీస్తారు పాపా."
అంతే. మళ్లీ నేతలో పడ్డాడు.
ఈ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో. వంటింట్లోకొచ్చి ఏడ్చాను. ఏడుపు ఆగకముందే భయం — నా పిచ్చి బొమ్మ కోసం నడుం నొప్పితో రోజంతా ఆ గుంతలో కూచుంటున్నాడు.

జూలై 9
చీర మగ్గం దిగింది. షావుకారు ధర్మవరం వచ్చాడు, మా ఇంటికే వస్తున్నాడు. వీధి చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు, గొంతు వినిపిస్తోంది. నాయన చాప మీద చీర పరిచాడు. చొక్కా మార్చుకున్నాడు. షావుకారు వస్తే ఇంతకుముందు ఏనాడూ చొక్కా మార్చుకోలేదు.
బాగాలేదంటే ఈసారి నవ్వులపాలయ్యేది నేను కాదు, నాయన. బాగుందంటే... రేపటి నుంచి శెనక్కాయలు తప్ప ఇంకేం గీయనిస్తారు?
గడప దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడు. నాయన పిలుస్తున్నాడు.
"యాడుండావు పాపా? రా... నువ్వే చూపించు."