ఎర్రగ కాని స్క్రీన్

ఫిబ్రవరి 2, పొద్దుగాల

కరెంటు పోయింది, వచ్చింది, మళ్ల పోయింది. యూపీఎస్ ఎన్నడో సచ్చింది. మా నర్సింగ్ హోమ్ కంప్యూటర్‌ల పేషెంట్ల ఫైల్ ఓపెన్ అయితలేదు. మేడారం జాతర నుంచి వచ్చినోళ్లు జెరాలతోటి గేటు దాక నిలబడ్డరు. డాక్టర్ రాంప్రసాద్ సార్ నా మొఖమే చూస్తాండు. నాకేమన్న మంత్రాలొస్తయా?

సాయంత్రం

రిపేర్ కొట్టిన. పేర్లు, ఊర్లు, వయసులు అన్నీ వచ్చినయ్. సార్ చాయ్ తెప్పించిండు.

కానీ ఏ మందు ఎవలకు పడదో రాసిన కాలమ్‌ల అంతా చైనా అక్షరాలు, డబ్బాలు. నాకంటే ముందు ఈ సీట్ల పనిచేసిన విజయలక్ష్మక్క రాసిన కోడ్ గూడ గట్లనే ఉంది, ఒక్క ముక్క సమజైతలేదు. మందు పడనోళ్ల పేరు కొడితే స్క్రీన్ ఎర్రగ చేసేది ఆ కోడే. మా నర్సు సునీతక్క ఏండ్ల సంది ఆ ఎరుపునే చూస్తది, మనిషిని అడగది. ఎరుపు లేదంటే సూది గుచ్చుడే.

ఫిబ్రవరి 3

మా వాడకట్టు చిలుకమ్మ చిన్నమ్మకు పెన్సిలిన్ పడదు, అందరికీ ఎరుకే. ఆమె పేరు కొట్టి చూసిన. స్క్రీన్ తెల్లగనే ఉంది.

సునీతక్కను బతిమిలాడిన, జర నోటితోటి అడుగు, టెస్ట్ డోస్ ఇయ్యి అని. ఇంత మందిని అడుగుకుంట కూసుంటే ఇంటికి పోయినట్టే అన్నది.

ఫిబ్రవరి 4

తట్టింది! ఆ అక్షరాలు చదవరాకుంటే ఏమాయె, అవి ఉన్నయంటే అక్క అక్కడ ఏదో రాసినట్టే కద. కాలమ్ ఖాళీగ లేకుంటే ఎర్రగ కావాలె. అంతే కోడ్. చిలుకమ్మ చిన్నమ్మ పేరు కొట్టంగనే స్క్రీన్ ఎర్రగైంది. సార్ అందరి ముందట మెచ్చుకున్నడు. సుకన్యా, నువ్వుండంగ మాకేం ఫికర్ అన్నది సునీతక్క.

ఫిబ్రవరి 5

ఎవ్వలనూ నోటితోటి అడుగుతలేరు.

ఫిబ్రవరి 6

నాలుగు రోజుల సంది చేస్తాంటే విజయలక్ష్మక్క ఇయ్యాల ఫోన్ ఎత్తింది. నేను గొప్పగ చెప్పుకున్న. ఆమె, రిపేర్ల కొన్ని గళ్లు ఖాళీ గూడ అయితయ్ గద పిల్లా, అవి ఎట్ల తెలుస్తయ్ అన్నది. తనకు యాదికున్న పేర్లు చెప్తా రాసుకొమ్మన్నది. మొదటి పేరు, పరకాల పోశయ్య.

ఆ పేరు జర ముందుగాలనే పిలిచి సూదికి లోపలికి పంపిన. జాతరల కాలు తెగి చీము పట్టిన ముసలాయన. స్క్రీన్ తెల్లగ ఉండె.

ఉరికిన. సునీతక్క ఖాళీ సిరంజి చెత్తడబ్బల ఏస్తాంది.

తండ్రికి ఆ మందు పడదని ఆయన కొడుకు రమేశ్‌కు ఎరుకనేనంట. పోయినసారి కంప్యూటర్ల ఎక్కిచ్చిన్రు గద, మళ్ల అడుగకపోతే రాసే ఉంటదనుకున్న అని ఏడ్సుకుంట, ఊపిరాడని తండ్రిని పెద్ద దవాఖానకు తీస్కపోయిండు.

ఫిబ్రవరి 7

పోశయ్య పోయిండు.

స్క్రీన్ బంద్ చేసిన. వరుసల మొదట నిలబడ్డామెను నీకు ఏ మందన్న పడదా అవ్వా అని అడిగిన. నాకేమెరుక బిడ్డా, నీ కంప్యూటర్‌ల చూడు అంటాంది.