లాలాంగ్ మైదానం, ముళ్లకంచె గేటు

1951 ఫిబ్రవరి 11
మలాయ్ ఎండలకు రబ్బరు చెట్లు ఆకు రాల్చేశాయి. తోటంతా రాగిరంగు. అడుగు వేస్తే కరకర. పాలు తక్కువ కారే నెల, పనీ తక్కువే. అందరూ ఆరుబయటే. తోట వెనక నుంచి ఏటి గట్టు దాకా లాలాంగ్ గడ్డి — నడుమెత్తు, తెల్లటి కుచ్చులు, గాలి వస్తే మైదానమంతా ఒక్కసారే వంగుతుంది. మిట్ట మీద నిలబడి మూడు ఫోటోలు తీశాను. తౌకే, నా చీనా యజమాని, అరువిచ్చిన మడత కెమెరా. టౌనులో ఆయన స్టూడియోలో గుర్తింపు కార్డుల కోసం ఆడవాళ్ల ముఖాలు తీసీ తీసీ విసుగెత్తింది. చెవులు కనపడాలి, నవ్వకూడదు. గడ్డికి ఆ నియమాలేవీ లేవు.
నాన్న అంటాడు — "గడ్డిని తీస్తావేటే? గడ్డికీ కార్డు కావాలేటి?"

ఫిబ్రవరి 18
నెలకోసారి అదే మిట్ట మీంచి, ఏడాది పొడుగునా. నిశ్చయించుకున్నాను. తౌకే బజారు మలాయ్‌లో అడిగాడు — ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. "బోలే లా." సరే, కానీ అని. గడువు దాటిన రీళ్లు ఒక పెట్టెడు నా వైపు తోశాడు.

ఏప్రిల్ 1
కొత్త చిగుళ్లు. గడ్డిలో గౌరమ్మ పిన్ని, ఆమె ఆవు. అమ్మ పోయాక నాకు తల దువ్వింది ఈ చేతులే. పొద్దున చెట్లకు గాటు పెట్టి పాలు తీస్తుంది, మధ్యాహ్నం ఆవు వెంట తిరుగుతుంది.
"గుంటా, ఆవుని తీస్తన్నావా, నన్ను తీస్తన్నావా?"
ఇద్దరినీ.
"అయితే ఆగు. కొంగు సరి సేసుకోనీ. ఆవు ఎలాగున్నా పరవాలేదు."

జూన్ 9
పక్క తోటలో లారీ తగలబెట్టారట, అడవిలో ఉండి తెల్లవాళ్లతో పోరాడే కమ్యూనిస్టులు. బస్సు లేదు. టౌనులో స్టూడియోలోనే చిక్కుకుపోయాను, ఈ నెల ఫోటో లేదు.

జూన్ 10
ఉంది. నడిచి వెళ్లాను.

జూలై 3
ఎమర్జెన్సీ అని తోట దొర ఉత్తర్వు. కూలీల ఇళ్లన్నీ పడగొట్టి ఆఫీసు పక్కకు మారుస్తారు. చుట్టూ ముళ్లకంచె, ఒకటే గేటు, సాయంత్రం ఆరింటికి మూత. అడవిలో వాళ్లకు గింజ అందకూడదట. లాలాంగ్ తగలబెడతారట, దాక్కునే చోటు మిగలకూడదని. నోటీసు రాసింది నాన్నే. కిరాణి, తోట ఆఫీసు గుమాస్తా కదా — దొర చెప్పింది రాయాలి. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

జూలై 15
తగలబెట్టారు. మిట్ట మీదే ఉన్నాను. పోలీసు "పో" అన్నాడు. నాలుగు తీశాక పోయాను.
పిన్ని ఆవును ఏటికవతల మలాయ్ వాళ్లింటికి ఇచ్చేసింది. కంచె లోపల మేత లేదు. ఏడవలేదు. తాడు మాత్రం తెచ్చుకుంది.

ఆగస్టు 2
నల్లటి నేల. దాని మీద పచ్చటి సూదులు, వేలెడేసి. వేర్లు కాలలేదు! మోకాళ్ల మీద కూర్చుని తీశాను. చీర నిండా మసి.

సెప్టెంబరు 20
గేటు దగ్గర సోదా. పనికి వెళ్లే ప్రతివాళ్లనీ తడిమి పంపుతున్నారు. అన్నం పట్టుకెళ్లకూడదు. టీ సీసా మూత తీసి వాసన చూస్తారు. ఆడవాళ్లను తడమడానికి టౌను నుంచి ఒకామె వచ్చింది. పిన్ని వంతు. ముడి విప్పించింది. జుట్టు నడుం దాకా జారింది, పిన్ని చేతులు రెండూ చాచి నిలబడింది. వెనక వరసలో మిగతా ఆడవాళ్లు నేల చూపులు. కెమెరా నా మెడలోనే ఉంది. ఎత్తలేకపోయాను.
పిన్ని చూసింది.
"ఒలే, అలా సూస్తావేటి? తియ్యి. గడ్డిని తీసినావు, ఆవుని తీసినావు. దీనికి సెయ్యి రాలేదా?"
తీశాను. ఒక్కటే. తల దించకుండా సూటిగా నాకేసి చూసింది.

సెప్టెంబరు 22
దొరకు తెలిసింది. నాన్న ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాడు.
"రీలు ఇచ్చీమంటన్నాడు. ఇరవయ్యారేళ్లయింది. ఒక్క మాట పడలేదు నేను."
తెలుసు నాన్నా.
"ఇవ్వకపోతే ఇల్లు కాళీ సెయ్యాల."
తెలుసు.
"మరేటి సెయ్యమంటావు?"
లేచి అన్నం వడ్డించాను. ఇస్తానని మాత్రం అనలేదు. అన్నం ఇద్దరికీ సహించలేదు.

సెప్టెంబరు 23
నేనే వెళ్లాను. ఆఫీసు వరండా. కుర్చీలో దొర, పక్కన ఇన్‌స్పెక్టరు. నాన్న తన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, తర్జుమా చేసి చెప్పడానికి.
రీలు ఎక్కడ?
స్టూడియోలో.
తెచ్చి ఇవ్వు.
నాకు ఇంగ్లీషు వచ్చు. కావాలనే తెలుగులో అన్నాను — "ఇవ్వను. మీరు చేసిందే నేను తీశాను. చూపించడానికి సిగ్గయితే, చెయ్యడం మానండి."
నాన్న గొంతు సవరించుకున్నాడు. మెత్తబరుస్తాడనుకున్నాను. ఆడపిల్ల, తెలియక అంది, క్షమించండి అని ఏదో అంటాడనుకున్నాను. ఒక్క ముక్క వదలలేదు. ఇంగ్లీషులో, నిదానంగా, సిగ్గు దగ్గర కొంచెం గట్టిగా. చెప్పాక కలానికి మూత పెట్టాడు.
కంచె దాటాక నాన్న ఒక్కమాట — "బాగానే సెప్పినానా?"

సెప్టెంబరు 24
కెమెరా పట్టుకుపోయారు. రీలు కోసం స్టూడియోకీ వెళ్లారు. అది పాడైపోయింది, గడువు దాటిన సరుకు అన్నాడట తౌకే, మొహంలో ఏమీ కనపడనీయకుండా. నెగటివ్ ఒక పెళ్లివారి కవరులో భద్రంగా ఉంది. కెమెరా పోయినందుకు ఏమంటాడోనని భయపడ్డాను. లెన్సు ఎప్పుడూ మసకే, అన్నాడు.

అక్టోబరు 1
ఇల్లు ఖాళీ. లారీ మీద సామాను. తెలుక్ ఆన్సన్ టౌను‌లో స్టూడియో మీది గది. నాన్న వెనక్కి చూడలేదు. నేను చూశాను. లాలాంగ్ మోకాలెత్తు.

1953 నవంబరు 16
వాన, వాన, వాన. ఏరు రోడ్డెక్కింది. చేపల బజారులో ఆడవాళ్లు బల్లల మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో ఊపుకుంటూ బేరాలాడుతున్నారు. తౌకే కొత్త కెమెరా తడవకుండా నా నెత్తి మీద గొడుగు పట్టాడు. నా కోసం కాదు.

1955 మార్చి 6
నాన్న పోస్టాఫీసు దగ్గర బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాస్తాడు. ఎవరి మాట వాళ్లదే, మెత్తబరచడు. కోపంగా ఉన్నవాళ్లంతా నాన్న దగ్గరికే వస్తారు.

1957 జూలై 28
మెర్దెకా నెల రోజుల్లో. స్వాతంత్ర్యం! టౌన్‌లో ఫోటోల ప్రదర్శన పెడతారట, ఈ నేల, ఈ జనం అని. కమిటీ పెద్దమనిషి వచ్చాడు. మన తెలుగాయనే, తెల్ల సూటు. బల్ల నిండా పరిచాను. ఆకు రాలిన తోట, లాలాంగ్ నెల నెలా, ఆవు, వరద, వరికోతలు. అబ్బో అన్నాడు, శభాష్ అన్నాడు. గేటు ఫోటో దగ్గర ఆగాడు.
"ఇది వొద్దమ్మా. మంచి రోజొస్తంటే ఇదేటి? ఎమర్జెన్సీ ఇంకా ఎత్తీలేదు, తెలుసు గదా."
అన్నీ పెట్టండి, లేదా ఏదీ వద్దు, అన్నాను.
"మొండిదానివమ్మా నువ్వు."
అవునండీ.
అన్నీ సర్దేశాను. కాఫీ తాగకుండానే వెళ్లాడు.

ఆగస్టు 11
మన స్టూడియో వీధి వైపు అద్దంలోనే పెడదాం, అన్నాడు తౌకే. కానీ ఆ ముఖం నాది కాదు. విప్పిన జుట్టు నాది కాదు. బస్సెక్కి తోటకి వెళ్లాను, ప్రింటు పట్టుకుని. పిన్ని వెలుగులోకి తీసుకెళ్లి చూసింది.
"ఎంత నల్లగుండేదో నా జుత్తు."
తర్వాత — "ఎక్కడ పెడతావు?"
రోడ్డు వైపు అద్దంలో. అందరూ చూసేలా.
"నా మనవరాలు సూస్తాది గదే."
వద్దంటే చించేద్దామనే వెళ్లాను. నిజంగానే. ఆమె పొయ్యి ఎగదోసింది, నాకు టీ పోసింది.
"సూడనీ. నేనేటి దొంగతనం సేసినానా? సెయ్యి పెట్టి తడిమినోళ్లకుండాల సిగ్గు." గ్లాసు చేతికిస్తూ — "పెద్దది సెయ్యి. సిన్నదైతే నా కళ్లు కనపడవు."

ఆగస్టు 30
పెద్దదే చేశాను, ప్రింటు కడిగే ట్రేలో పట్టినంత. అద్దంలోంచి పెళ్లికూతుళ్లందరినీ తీసేశాం. మధ్యలో పిన్ని, రెండు పక్కలా లాలాంగ్ — కాలినది, మొలిచినది. తౌకే రోడ్డు అవతలికి వెళ్లి చూశాడు. కొంచెం ఎడమకి, అన్నాడు.

ఆగస్టు 31
మెర్దెకా! అరిచి అరిచి గొంతు పోయింది. ఎవరెవరినో కావలించుకున్నాను. రోడ్డు నిండా జెండాలు. జనం అద్దం ముందు ఆగుతున్నారు, నవ్వుతూ వచ్చినవాళ్లు నెమ్మదిగా నవ్వు ఆపుతున్నారు. ఇద్దరు తమిళ ఆడవాళ్లు వాదించుకున్నారు. మా తోట గేటే ఇది, అని ఒకామె. కాదు, మాదే, నేను ఇలాగే నిలబడ్డాను, అని ఇంకొకామె. ఇద్దరివీ వేరే తోటలు.

సెప్టెంబరు 2
పొద్దున పోలీసు స్టేషను నుంచి మనిషి వచ్చాడు. టోపీకి కొత్త బిళ్ల. అయిదింటిలోగా ఫోటో తీసేయాలట. ఎవరి ఉత్తర్వు? చెప్పలేదు. కాగితం ఉందా? లేదు. కాగితం తెచ్చుకోండి, చదివి జవాబిస్తాం, అన్నాడు నాన్న, నేను నోరు తెరవకముందే.
మనవరాలిని తీసుకుని నాలుగున్నర బస్సుకి వస్తానని పిన్ని కబురు.

నాలుగున్నర దాటింది. బస్సు లేదు.

అయిదుకు పది నిమిషాలు. నాన్న కుర్చీ తెచ్చి అద్దానికి ఎదురుగా వాకిట్లో వేసుకుని కూర్చున్నాడు. తౌకే ఇంకో కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరూ కాఫీ తాగుతున్నారు. పైనుంచి ఇద్దరి బట్టతలలూ కనపడుతున్నాయి. వీధి చివర దుమ్ములో మనుషులు వస్తున్నారు, నలుగురైదుగురు. బస్సు దిగినవాళ్లో, స్టేషను వాళ్లో, ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

ఫోటో అద్దంలోనే ఉంది. కెమెరాలో రీలు ఉంది. కిందికి వెళ్తున్నాను.