మఠంలో ఒక మీటరు

మార్చి 3
చెల్లి స్కానర్ పట్టుకుని దిగింది. దాన్ని మూడు కాళ్ల మీద నిలబెట్టి, బటన్ నొక్కి, పక్కన కూర్చుని బిస్కెట్లు తింటుంది. మఠం అంతా నాలుగు రోజుల్లో కొలిచేస్తుందట. ఎనిమిది వందల ఏళ్ల నాటి శిథిలం. నాకు టేపుతో మూడేళ్లు పట్టింది. గేటు దగ్గర బోర్డు మీద పద్నాలుగేళ్లుగా ఉన్నది నా ప్లానే. టేపు పట్టుకోవడం దానికి నేర్పిందీ నేనే.

మార్చి 5
మఠం పనులు చూసే మా చీఫ్ చెల్లిని ఎక్స్‌పర్ట్ అన్నాడు. నన్ను టీ తెమ్మనలేదు, అంతవరకు నయం.

మార్చి 7, సాయంత్రం
కడుపు మండిపోతోంది. చెల్లి స్కాన్ ప్రకారం ప్రార్థన మందిరానికీ సన్యాసుల పడకగదులకీ మధ్య గోడ రెండు మీటర్ల మందం ఉందట. అంత మందం ఉందంటే లోపల డొల్లేనట. అర్ధరాత్రి ప్రార్థనకి సన్యాసులు పక్క మీంచి లేచి నేరుగా మందిరంలోకి దిగే మెట్లు అందులోనే ఉన్నాయట. అవి ఎప్పుడో కూలిపోయాయని రాసింది నేను. నా ప్లాన్‌లో ఆ గోడ మందం మీటరే. అందులో పిల్లి కూడా దిగలేదు.

స్కానర్ తప్పు చూపిస్తోందని చీఫ్‌తో అనేశాను. రుజువు తెమ్మన్నాడు. బోర్డు మీద ఎవరి ప్లాన్ ఉండాలో సోమవారం తేలుస్తాడట. చెల్లి నోరు మెదపలేదు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది.

మార్చి 8
పాత ఫీల్డ్ బుక్ దొరికింది.

మా టేపు కొస అరిగిపోయి ఉండేది. అందుకని మీటరు గుర్తుని గోడకి ఆనించి, వచ్చిన కొలతలోంచి ఒకటి తీసేసేవాళ్లం. అన్నిచోట్లా తీశాను, మందిరం వెడల్పు దగ్గర తప్ప. బయటి కొలతలోంచి లోపలివి తీసేయగా మిగిలిందే గోడ మందం కాబట్టి, మందిరం మీటరు పెరిగింది, పక్క గోడ మీటరు తగ్గింది.

ఆ అంకె పక్కనే పెన్సిల్‌తో గుండ్రని రాత: అక్కా, ఒకటి తీశావా? దాని మీద నా ఎర్ర పెన్ను గీత. అప్పుడు చెల్లికి పదిహేనేళ్లు. కొస పట్టుకోవడం వరకే నీ పని అని కసిరినట్టు గుర్తు.

అంటే దానికి అప్పటినుంచీ తెలుసు. నిన్న చీఫ్ ముందు అనలేదు. నా మీద జాలి. అదే భరించలేకపోతున్నాను.

మార్చి 9
పేజీ చింపబోయాను. చింపలేదు.

మార్చి 10
ఆ పేజీ చీఫ్ టేబుల్ మీద తెరిచి పెట్టాను. తప్పు నాదేనన్నాను. కొత్త బోర్డు మీద ఇద్దరి పేర్లూ వేయిద్దామంది చెల్లి. వద్దన్నాను. దాని దయ నాకెందుకు.

ఏప్రిల్ 21
గోడ తెరిచారు. ముందు నన్నే దిగమంది చెల్లి. దిగాను. పంతొమ్మిది మెట్లు. ఎత్తుని బట్టి అది ప్లాన్‌లో వేసింది పద్దెనిమిది. ఎంత సంతోషం వేసిందో.

మళ్లీ ఎక్కి లెక్కపెట్టాను. పద్దెనిమిదే.