ముందే మింగిన మాత్రలు

మార్చి 12, మంగళవారం

పెద్దమ్మా, కంగారు పడకు, పెద్దనాన్న బాగానే ఉన్నారు. మందు ఎక్కించడం మాత్రం ఈరోజు జరగలేదు.

పొద్దున్నే నిన్నటి రక్తపరీక్ష కాగితం చూసి నర్సు ఉలిక్కిపడింది. తెల్లకణాలు ఒక్కసారిగా పెరిగాయట. క్యాన్సర్ మందు ఎవరిని ఎంత కుదిపేస్తుందో ఆ కణాలూ, రక్తంలోని ప్రొటీనూ ముందుగా కొంత చెబుతాయి. దాన్నిబట్టే మోతాదు రాస్తారు. ("కుదిపేయడం" డాక్టరమ్మ మాటే, నచ్చి రాసుకున్నాను.) జ్వరమా అంటే పెద్దనాన్న లేదన్నారు. నాకు అనుమానం వచ్చి గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. మందును తట్టుకోవడానికి సోమవారం రక్తం ఇచ్చాక వేసుకోవలసిన మాత్రలు ఆదివారమే మింగేశారు! ఆ మాత్రలు పడితే తెల్లకణాలు పెరుగుతాయట.

"గడువుకి ఒకరోజు ముందే బట్టలు కుట్టి ఇచ్చేవాణ్ణి, మాత్రలకి ఆలస్యం చేస్తానా?" అన్నారు.

డాక్టరమ్మ నవ్వింది. "ఇది మీ రక్తం చెప్పిన మాట కాదు టైలరు గారూ, మాత్రలు చెప్పించిన మాట. దీన్ని నమ్మి మోతాదు రాస్తే మీకే ముప్పు. మాత్రలు ఆపండి, శుక్రవారం మళ్లీ రక్తం తీశాకే వేసుకోండి."

ప్రొటీను కాస్త తక్కువే ఉంది. మూడు నెలల్లో పెద్దనాన్న ఎంత చిక్కారని డాక్టరమ్మ అడిగింది. పాత బరువు మాకు తెలియదు. ఆయన కొలతల పుస్తకంలో సొంత ప్యాంటు నడుము కొలత తేదీతో సహా ఉందట, చూసి వెంటనే రాయి. కుట్టు మిషను మీద ముసుగు వేశావా అని పెద్దనాన్న అడగమన్నారు. చెల్లికి నా ముద్దులు.

రేపు పొద్దున్నే మాత్రల అట్టలన్నిటి మీదా వేసుకోవలసిన తేదీ, వేళ రాసి, వాటిని నా సంచిలో పెట్టుకుంటాను.