రెండో నంబరు అద్దం

ప్రియమైన మావయ్యకి,

నాలుగు అద్దాలూ రేపు చెక్కపెట్టెలో బయల్దేరుతున్నాయి. కిటికీ సైజులో చేయించడం ఇదే మొదటిసారి. ఒకటి పగిలితే ఇంకొకటి చేయడానికి మా దగ్గర సరుకు లేదు. నలభై ఏళ్ళ గాజు పనిలో ఒక్క అద్దమూ పగలగొట్టలేదని ఎవరింటికి వెళ్ళినా చెప్పుకుంటావు కదా, అందుకే మా లేబు వాళ్ళతో పోట్లాడి ఈ పని నీకు ఇప్పించాను.

ఇవి మామూలు అద్దాలు కావు. వీటిలో నానో పలుకులు కలిపాం. వెంట్రుక మందంలో పదివేలు పక్కపక్కన పడతాయి, అంత సన్నవి. ఎండ తగిలితే పలుకు దాన్ని మింగి ఎర్రటి వెలుగుగా వదులుతుంది. ఆ వెలుగులో చాలా భాగం అద్దం రెండు ముఖాల మధ్య ఇరుక్కుని అంచులదాకా పోతుంది. అంచులకు ఆనించి బిగించే సన్నటి సోలార్ పట్టీలు దాన్ని కరెంటు చేస్తాయి. కిటికీ మాత్రం కిటికీలాగే ఉంటుంది, వీధి కనిపిస్తుంది.

మేం నలుగురం నాలుగు రకాల పలుకులు తయారుచేశాం. ఎవరిది ఏ నంబరో చెప్పను. చెబితే నా అద్దాన్ని రోజూ తుడిచి గారాబం చేస్తావు. ఎండ పడే నీ ముందుగదిలో బిగించి, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్కో అద్దం పట్టీలకు తగిలించిన మీటరు అంకె కాగితం మీద రాసి సంతకం పెట్టి పోస్టులో పంపు. ఫైలుకి కాగితమే కావాలి. ఫోను చేస్తే నువ్వు ఎలాగూ భోజనం చేశావా అన్న ఒక్క ప్రశ్నే అడుగుతావు.

మూడు నెలల తర్వాత మీటింగ్ ఉంది. ఒక్క రకాన్నే ఉంచి మిగిలిన మూడూ ఆపేస్తారు. మూడేళ్ళ పని, మావయ్యా.

నీ మేనకోడలు

*

చిరంజీవి అమ్మడికి,

అద్దాలు వచ్చాయి, బిగించాను. మూడు రోజులు ఆలస్యమైంది. అరచేతికి చిన్న గాటు పడింది, అంతే, మీ అమ్మకి చెప్పకు.

నువ్వు రాసినది నమ్మలేక ఒక అద్దాన్ని బిగించకముందే ఎండలో నిలబెట్టి పక్కనుంచి చూశాను. ముఖం మీద ఏమీ లేదు, లేత రంగు అంతే. అంచు మాత్రం కాలిన ఇనుప చువ్వలా ఎర్రగా ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. మీ అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడ కూడా ముట్టుకుని, ఇంతకాలం నువ్వు అమ్మింది ఉత్త గాజేనన్నమాట అంది.

మధ్యలో నా అరచెయ్యి అడ్డం పెడితే నాలుగు పక్కల పట్టీల మీటరూ తగ్గుతోంది. వెలుగు ఎటు పోవాలో దానికి ఎవరు చెబుతారు? తీరిగ్గా రాయి. పదిహేను రోజుల అంకెలు దీంతో పెట్టాను. సుమారుగా ఒకటి 31, రెండు 44, మూడు 33, నాలుగు 39.

ఆశీస్సులతో, మావయ్య

*

ప్రియమైన మావయ్యకి,

దానికి ఎవరూ చెప్పరు. పలుకు అన్ని వైపులకీ వెలుగు చల్లుతుంది. ఏటవాలుగా పోయినది బయటపడలేక లోపలే అటూ ఇటూ తగులుకుంటూ అంచుకి చేరుతుంది. నిటారుగా పోయినది బయటికి పోయి మనకి దక్కదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. రెండో నంబరు అంత ఎక్కువ ఎందుకు వస్తోంది? దాని ముందు నీడ పడదా? మిగతావాటి మీద పావురాలు వాలుతున్నాయా? నాలుగూ ఒకే రోజు తుడుస్తున్నావా? పట్టీలు తారుమారు చేసి చూడు. తర్వాత రెండో, నాలుగో అద్దాల చోట్లు మార్చి వారం రోజులు చూడు. చేతి గాటు మానిందా? గాజు పని చేసేవాడికి గాజు గుచ్చుకోవడమేమిటని అమ్మ అడుగుతోంది. నేను చెప్పలేదు, అత్తయ్య చెప్పిందట.

నీ మేనకోడలు

*

చిరంజీవి అమ్మడికి,

నీడ లేదు. పావురాలు నాలుగింటినీ సమానంగానే చూస్తున్నాయి. తుడవడం సోమవారం సోమవారం, ఒకే గుడ్డతో. పట్టీలు మార్చాను, చోట్లు మార్చాను. ఎక్కడ పెట్టినా రెండోది రెండోదే, ఎండ ఉంటే 44కి తగ్గడం లేదు. మబ్బు పట్టిన రోజున అన్నీ పడిపోయినా అదే ముందుంటోంది.

నాకు కూడా ఇదేమిటో తెలుసుకోవాలన్న యావ పట్టుకుంది. పన్నెండు ఎప్పుడవుతుందా అని పదకొండు నుంచే కుర్చీ వేసుకుంటున్నాను. షాపుకి వచ్చినవాళ్ళు ముందుగదిలోకి వచ్చి పిలవాల్సి వస్తోంది.

చెయ్యి మానింది.

మావయ్య

*

ప్రియమైన మావయ్యకి,

ఇక దాచలేను. రెండో నంబరు నాది.

చోట్లు మార్చినా నిలబడిందని నీ కాగితం చూసి లేబులో కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. రిపోర్టు రాసేశాను. పదో తారీఖున మీటింగ్. నాలుగో నంబరు మా నలుగురిలో ఒక అబ్బాయిది, అతన్ని అందరం కళ్ళజోడు అనే పిలుస్తాం. తన పలుకుల్లో మా వాటిలోలా విషపు లోహం లేదు, అందుకే తనది ఆగిపోతుందంటే పాపం అనిపిస్తోంది. నాతో మాత్రం నవ్వుతూ, 44 ముందు 39 ఏం మాట్లాడుతుంది అన్నాడు. రెండు రోజులుగా లేబుకి రావడం లేదు.

నీ చేతి చలవ, మావయ్యా.

నీ మేనకోడలు

*

చిరంజీవి అమ్మడికి,

ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను. మీటింగ్‌కి ముందే చదువు.

పెట్టె విప్పిన రోజున రెండో అద్దం నా చేతిలోంచి జారింది. నేలకి తగిలి కింది అంచున వేలిగోరంత పెచ్చు ఊడింది. చెయ్యి తెగింది అప్పుడే. పని నేర్పిన మేస్త్రీ మాకు ఒకటే చెప్పేవాడు, దెబ్బ తగిలిన అంచుని ఎదుటివాడు చూడకముందే సరిచెయ్యమని. అదే చేశాను. సానరాయి మీద నీళ్ళు పోసి రెండు ఎంఎం అరగదీశాను. తర్వాత పాలిష్ పొడితో, ఉన్ని గుడ్డతో రుద్దాను. ఒక అంచు మెరుస్తూ మూడు అంచులు మసగ్గా ఉంటే దొరికిపోతానని నాలుగు అంచులూ రుద్దాను. మూడు రోజులు పట్టింది అందుకే. తగ్గిన రెండు ఎంఎం దగ్గర పట్టీ వెనక రబ్బరు పెట్టి కప్పేశాను.

మీరు పంపిన అంచులు మిషను కోసినవి, గరుకుగా ఉంటాయి. వెలుగు అక్కడ చెదిరిపోతుందేమో, నా అద్దంలో తిన్నగా పట్టీలోకి దిగుతోందేమో. చోట్లు మార్చమన్న ఉత్తరం వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నలభై ఏళ్ళుగా చెప్పుకున్న మాట పోతుందని నోరు మెదపలేదు. అది నీ అద్దమని తెలిశాక ఇంకా పీకల మీదికి వచ్చింది. నీకు మేలు జరిగిందిలే అని ఊరుకుందామని కూడా అనుకున్నాను. ఆ కళ్ళజోడు అబ్బాయి సంగతి రాయకపోయుంటే ఊరుకునేవాడినేమో.

సిగ్గుపడుతున్నాను, అమ్మా.

మావయ్య

*

మావయ్యా,

చాలా కోపం వచ్చింది. మధ్యాహ్నానికి తగ్గింది.

ఎండ గురించి అడిగాను, పావురాల గురించి అడిగాను, అంచు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. వెలుగంతా అంచుకే వెళుతుందని నీకు పాఠం చెప్పింది నేనే. లేబులో మేం చేసుకునే అరచేతి ముక్కలు పాలిష్ చేసే వస్తాయి. పెద్దవి బయట కోయించాం, అంచు సంగతి నలుగురిలో ఎవరికీ తట్టలేదు.

రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. మీటింగ్ మూడు వారాలు వాయిదా వేశారు. ఒకటి, మూడు, నాలుగు నంబర్ల అద్దాల అంచులు కూడా అచ్చం అలాగే రుద్దు. వాటిని కూడా రెండేసి ఎంఎం తగ్గించు. అంకెలు ఏవి వస్తే అవి పంపు.

నీ మేనకోడలు

*

చిరంజీవి అమ్మడికి,

తొమ్మిది రోజులు రుద్దాను. భుజం పట్టేసింది. మీ అత్తయ్య పక్కన కూర్చుని నీళ్ళు పోసింది. మూడింటిలో దేనికీ ఎక్కువ తక్కువ లేకుండా ఆవిడే గడియారం చూసింది.

మొదటి రోజు పన్నెండింటికి నీదే గెలవాలని మొక్కుకుంటూ మీటరు ముందు నిలబడ్డాను. గెలవలేదు. మబ్బేమోనని మర్నాడు చూశాను. వారం రోజులూ అదే వరస. చేతిలో పెన్ను, ఎదురుగా కాగితం, చూసేవాళ్ళెవరూ లేరు. నాలుగు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఒకటి 42. రెండు 44. మూడు 45. నాలుగు 53.

మావయ్య

*

ప్రియమైన మావయ్యకి,

నీ కాగితం మీటింగ్‌లో నేనే చదివాను. 44 దగ్గర ఆగి, ఆ అంకె ఇంకోసారి చదివాను. కళ్ళజోడు తల వంచుకుని కూర్చున్నాడు, 53 విన్నాక కూడా ఎత్తలేదు. అతని రకాన్ని ఉంచారు. నాది ఆపేశారు. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు ఏడ్చాను.

మర్నాడు అతనే వచ్చి తనతో పనిచెయ్యమన్నాడు. నా పలుకులు ఎక్కడ వెనకబడ్డాయో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదని అతనికి తెలుసు. నాకు ఒక అనుమానం ఉంది. ఒక పలుకు వదిలిన వెలుగుని పక్క పలుకే మళ్ళీ మింగేస్తోందేమో. దాని సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

కొత్త సరుకు వచ్చింది, కళ్ళజోడు పలుకులతో చేసిన కొత్త అద్దం ఒకటి పంపుతున్నాను. దీని అంచులు నువ్వు రాసిన పద్ధతిలోనే నేను రుద్దాను. ఆరు రోజులు పట్టింది. కింద ఎడమ మూలన పెచ్చు ఊడింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. సానరాయి మీద ఒక్క నిమిషం రుద్ది ఆపేశాను. రిపోర్టులో మొదటి వాక్యం ఆ పెచ్చు గురించే రాశాను. ఆ మూల నువ్వు సరిచెయ్యి.

నీ మేనకోడలు