పై వాటా ఖాళీ అయ్యాక

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలు. ఇక్కడ అందరి ఆరోగ్యాలూ ఫర్వాలేదు. ఓడ మీద నీ నడుంనొప్పి ఎలా ఉందో నువ్వే రాయాలి. పోయిన ఉత్తరం నిండా ప్రశ్నలే తప్ప నీ సంగతి ఒక్క ముక్క లేదు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఓడ రేవుకి దగ్గరైనప్పుడు సిగ్నలు దొరికే ఆ కాస్త సేపూ “హలో, వినపడుతోందా” అనుకోవడానికే సరిపోతుంది. ఇది కుదురుగా కూర్చుని రాయాల్సిన సంగతి.

ఇల్లు ఎలా ఉందని అడిగావు. మంటల్లో కప్పుకి ఏమీ కాలేదు. పై వాటాలో వెనక గది గోడలు మసిబారాయి, కిటికీ రెక్కలు కాలిపోయాయి. మేస్త్రీ వచ్చి గోడంతా సుత్తితో తట్టి చూసి, పెచ్చులూడిన చోట పూత పూస్తే చాలన్నాడు. రెక్కలు కొత్తవి పెట్టించాం, సున్నం వేయించాం. కాలిన ప్లాస్టిక్ వాసన మాత్రం ఇంకా వదల్లేదు. మీ బావగారు అగరొత్తులు వెలిగించి చూశారు. ఇప్పుడు రెండు వాసనలూ ఉన్నాయి.

అమ్మ నడక గురించీ అడిగావు. పక్షవాతం వచ్చినప్పటితో పోలిస్తే చాలా నయం. ఆ పుణ్యమంతా పై వాటాలో అద్దెకున్న అమ్మాయిది. నేను ఆఫీసుకి వెళ్ళగానే కిందికి దిగి వచ్చి, అమ్మని లేపి, గది నుంచి గేటు దాకా “ఎడమ, కుడి” అంటూ నడిపించేది. మనం అడగలేదు, తనే మొదలుపెట్టింది. ఒక్క ఈలతో బడి మొత్తాన్ని నిలబెట్టిన డ్రిల్లు టీచరుకి ఈ వయసులో డ్రిల్లు చేయించిందంటే దాని ధైర్యం చూడు! అమ్మకి మిగిలిన మాటలు కూడా ఆ నాలుగు డ్రిల్లు మాటలే కదా. అందులోంచే ఏరి ఆ అమ్మాయికి “లీడరు” అని పేరు పెట్టింది. మేమూ అలాగే పిలుస్తున్నాం. అన్నం కూడా లీడరు కలిపి పెడితేనే తినేది. నేను పెడితే రెండు ముద్దలకే తల తిప్పేసేది.

“కింద మనవాళ్ళున్నారన్న ఆలోచన అయినా లేదా ఆ మనిషికి?” అని కోపంగా రాశావు. ఉంది అన్నయ్యా. నాకు మింగుడుపడనిది అదే.

లీడరు మొగుణ్ణి నువ్వు, వాళ్ళు పై వాటాలో దిగిన రోజు ఒక్కసారే చూశావు. వీధిలో అందరూ కరెంటు అని పిలుస్తారు. కరెంటు బండ్ల షాపులో మెకానిక్‌నని మనకి చెప్పాడు. అది అబద్ధం కాదు. షాపు వాళ్ళు బాగుచెయ్యమన్న పాత బ్యాటరీలను ఇంటికి తెచ్చి, విప్పి, సరిచేసి, చార్జింగు పెడుతున్నాడన్న సంగతే చెప్పలేదు. మంట ఆరాక ఆ గదిలోకి వెళ్ళి చూస్తే కాలిపోయినవే నేల మీంచి కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. అమ్మ మంచం సరిగ్గా ఆ గది కిందే.

ఆ మధ్యాహ్నం ఫోను రాగానే ఆఫీసు నుంచి ఎలా వచ్చిపడ్డానో నాకే తెలియదు. వచ్చేసరికి అమ్మ ఎదురింటి గోడ నీడలో తన కుర్చీలోనే కూర్చుని ఉంది. మొదటి బ్యాటరీ పేలగానే కరెంటు తన సామాను చూసుకోకుండా కిందికి పరిగెత్తాడట. లీడరు ఒక్కతే లేపలేక కేకలు పెడుతుంటే, అమ్మని కుర్చీతో సహా ఎత్తి వీధిలో పెట్టాడట. మళ్ళీ పైకి వెళ్ళి, అంటుకోని వాటిని ఒక్కొక్కటే ఒట్టి చేతుల్తో బయట డాబా మీదికి విసిరేశాడట. అతను అలా చెయ్యకపోతే ఇల్లు మిగిలేది కాదని ఫైరింజన్ వాళ్ళే అన్నారు. అతని చేతులు రెండూ మణికట్ల దాకా కాలిపోయాయి.

నువ్వు ఖాళీ చేయించమని రాశాక వకీలు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అగ్రిమెంటు చదివి కళ్ళజోడు తీశారు. “కాపురానికి ఇచ్చిన ఇంట్లో పేలే సరుకు పెట్టాడమ్మా. గడువు దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే రద్దు చెయ్యొచ్చు. చెయ్యకుండా ఊరుకుని, రేపేదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఇంటి యజమాని మీ అన్నయ్యే” అన్నారు.

ఆయన రాసిచ్చిన ఖాళీ నోటీసు పట్టుకుని మెట్లెక్కాను. కరెంటు రెండు చేతులకీ కట్లతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లీడరు కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది.

“టీ పెట్టనా అక్కా?” అంది.

“వద్దమ్మా.”

“తప్పు నాదేనక్కా,” అన్నాడు కరెంటు. “బయట షెడ్డు దొరగ్గానే మార్చేద్దామనుకున్నా. రేపు, రేపు అనుకుంటూ ఇంత చేశాను.”

“నా ఒక్కదాని ప్రాణమైతే ఊరుకునేదాన్నేమో. కింద అమ్మ ఉందయ్యా.”

“తెలుసక్కా. మీరు చేసింది న్యాయమే.”

నాలుగు తిట్టినా బాగుండేది. న్యాయమే అన్నాడు. ఆ మాట పట్టుకుని మెట్లు దిగాను.

వాళ్ళు సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చూసింది. లీడరు వచ్చి అమ్మ తల దువ్వి, జడ వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి అమ్మ నోరు కట్టేసుకుంది. నేను బతిమాలాను, మీ బావగారు పాటలు పాడారు, పనికి పెట్టుకున్న ఆయా చెంచా పట్టుకుంటే ఆ చెంచా విసిరికొట్టింది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలని డాక్టరు చెప్పాడు.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుని వచ్చాను. ఇక రాయక తప్పదు. అమ్మ ఇప్పుడు మన ఇంట్లో లేదు అన్నయ్యా. వాళ్ళింట్లో ఉంది.

లీడర్ని రోజూ వచ్చి వెళ్ళమని అడుగుదామనే వెళ్ళాను. ఊరికి అటు చివర, ఒక గోడౌను మీద రెండు గదులు. “ఈయనకి చొక్కా గుండీ పెట్టాలన్నా నేనే అక్కా, వదిలి ఎలా రాను? అమ్మగార్నే ఇక్కడికి తీసుకురండి, నాలుగు రోజులుంటారు” అంది. ఆటోలో తీసుకెళ్ళాను. లీడరు కంచం తేగానే అమ్మ పిట్టపిల్లలా నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. నేను మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకోబోయాను. అప్పుడు కనపడింది, రెండో గది మూసిన తలుపు కింద నుంచి లోపలికి పోతున్న నల్లటి వైరు.

నేను చూడడం లీడరు చూసింది.

“రెండే బ్యాటరీలు అక్కా,” అంది మెల్లిగా. “కిటికీ తెరిచే ఉంచాను. ఈయన చెబుతుంటే వైర్లు నేనే కలుపుతున్నాను. వేరే పని ఏం వచ్చు మాకు?”

“అమ్మని తీసుకెళ్ళిపోతాను,” అని లేచి అమ్మ చంక కింద చెయ్యి వేశాను. అమ్మ మంచం పట్టె పట్టుకుంది. లాగాను అన్నయ్యా, నిజంగానే లాగాను. అమ్మ నా మొహంలోకి చూసి, “రాను” అంది. జబ్బు చేశాక డ్రిల్లు మాట కానిది ఒక్కటి పలకడం అదే మొదలు. డాక్టరు వింటే సంతోషించేవాడు. నేను చెయ్యి తీసేశాను.

మన ఇల్లు గనక నోటీసు ఇచ్చి పంపగలిగాను. ఆ ఇంటికి నోటీసు ఇవ్వడానికి నేనెవరిని? ఆ ఇంటాయనతో చెబుదామా అంటే వాళ్ళు మళ్ళీ రోడ్డున పడతారు, ఎక్కడికి పోతే అక్కడికి అమ్మ పోతానంటుంది. తీసుకొస్తే గొట్టం వెయ్యాలి. మీ బావగారు “నీ ఇష్టం” అంటున్నారు. ఇందులో నా ఇష్టం ఎక్కడుందో నాకు తెలియడం లేదు. నువ్వైనా చెప్పు. నీ జవాబు వచ్చేదాకా రోజూ పొద్దున్నే వెళ్తున్నాను. మలుపు తిరగ్గానే ముందు ఆ కిటికీ వైపు చూసి, పొగ లేదనుకున్నాక నడుస్తున్నాను.

ఇవాళ వెళ్ళేసరికి అమ్మ తింటోంది. నన్ను చూసి నవ్వి, నన్నూ తినమని చెయ్యి ఊపింది. లీడరు నాకూ కంచం పెట్టింది. చోటు లేక ఆ మూసిన తలుపుకి వీపు ఆనించి కూర్చుని తిన్నాను. తలుపు వెచ్చగా ఉంది.

ఇట్లు,
దిక్కుతోచక నీకు రాస్తున్న
నీ చెల్లెలు