ఉప్పు చూసిన ఆదివారం

1949 మార్చి 2, విభూతి బుధవారం

నొసట బూడిదతోనే బడికి పోయింది లూర్దు. తుడుచుకోకుండా తిరిగొచ్చింది కూడా. "అందరు నవ్విన్రమ్మా" అంది. నవ్వనీ అన్నాను. "నేను గూడ నవ్విన" అంది. తొమ్మిదేళ్ళకే ఆ నిబ్బరం... నా కూతురు కదా. అత్తమ్మ మాత్రం తన పోలికే అంటుంది. అననీ.

మిర్యాలగూడ నుంచి గుడి గురువుగారి చీటీ. క్రీస్తు లేచిన పాస్కా పండుగ తర్వాతి ఆదివారం మన కోదాడ పిల్లలకు తొలి సత్ప్రసాదం, పూజలో దీవించిన అప్పం తొలిసారి అందుకోవడం. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఇటు రావడం వానలు వెనకబట్టాకే. పిల్లలను తయారు చేసే పని నాకే అప్పజెప్పారు. ఇంకెవరికి చెప్తారు.

మార్చి 6, ఆదివారం

ఆరుగురు పిల్లలు. నలుగురికి పరలోక జపం సగం దాకా వచ్చి ఆగిపోతుంది. పర్వాలేదు, ఏడు వారాలున్నాయి. నేను ఇంతకన్నా మొద్దుపిల్లలకు ఎక్కాలు నేర్పాను.

శౌరమ్మ తన ఇన్నమ్మను తెచ్చి వదిలింది. ఇన్నమ్మకు అసలు క్రిస్మసుకే సత్ప్రసాదం అందాల్సింది. ఆ పొద్దున గుడికి వస్తూ దారిలో రేగుపండు తింది. నోట్లో గింజ ఉండగా నేనే చూశాను, నేనే గురువుగారి చెవిన వేశాను. తెల్ల గౌను వేసుకున్న పిల్లను వెనక్కి పంపారు. అప్పటినుంచి శౌరమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడదు. ఇవాళ మాట్లాడింది.

"నీ బిడ్డ తిన్నా గట్లనే జేద్దువా, టీచరమ్మా?"

చేస్తాను అన్నాను. తడుముకోలేదు కూడా. సత్ప్రసాదం తీసుకునేవాళ్ళు అర్ధరాత్రి నుంచి పూజ ముగిసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. నా కూతురికో లెక్క, ఆమె కూతురికో లెక్కా?

మార్చి 12, శనివారం

సూర్యాపేట బస్సు దిగి మా ఆయన వచ్చారు. ఒంటి నిండా దవాఖాన వాసన. కంపౌండర్ పెళ్ళానికి సెంటు అక్కర్లేదు. లూర్దు గౌనుకు రేషను కంట్రోలు గుడ్డ తెచ్చారు, మల్లుకంటే ముతక. గంజి పెడితే నిలబడుతుంది.

సంత దగ్గర సినిమా డేరా వేశారు. బళ్ళో ఆడపిల్లలంతా చూసొచ్చి పాటలు పాడుతున్నారట. పండుగ ముందు నలభై రోజుల తపస్కాలంలో సినిమా ఏమిటి అన్నాను. "మరి పండుగైనంక?" అని లూర్దు. అప్పటిదాకా డేరా ఉంటే చూద్దాం అన్నాను. పండుగ లోపలే ఎత్తేస్తారని నాకు తెలుసు. ఆయన చాటుగా నవ్వి, "నువ్వు వకీలు గావాల్సింది" అన్నారు. ఆ మాటకు సంతోషించానని ఒప్పుకోవాలి.

మార్చి 21

గౌను కుట్టడం అయింది. చేతులు జర పొడుగు. వచ్చే ఏడు చెల్లుతాయి.

ఏప్రిల్ 3, ఆదివారం

ఇవాళ ఉపవాసం పాఠం. పిల్లలు కాదు, ప్లీడర్లు. ఉమ్మి మింగితే ఉపవాసం పోతుందా? — పోదు. ఈగ నోట్లోకి పోతే? — నువ్వు రమ్మన్నావా, పోదు. ఉప్పు చూస్తే? — నాలుక మీద పెట్టి ఉమ్మేస్తే పోదు, మింగితే పోతుంది. మరి కొంచెమే మింగితే? — కొంచెమూ లేదు, గంపెడూ లేదు. మింగితే మింగినట్టే.

ఆ చివరి ప్రశ్న లూర్దుదే. తను కూర్చున్న తీరు, వేలెత్తి అడిగిన తీరు... ఎంత ముద్దొచ్చిందో. పైకి మాత్రం గద్దించాను.

ఏప్రిల్ 6

బళ్ళో పక్క పిల్ల అడిగిందట: "మీ దేవుడు నీళ్ళు గూడ తాగనియ్యడా?" మన లూర్దు జవాబు: "మా అమ్మ తాగనియ్యదు."

అత్తమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అంత నవ్వు రాలేదు.

ఏప్రిల్ 17, పాస్కా

పండుగ బాగా జరిగింది. ఆరుగురికీ జపాలన్నీ వచ్చేశాయి. డేరా ఇంకా ఎత్తలేదు, అదే చిక్కు.

ఏప్రిల్ 23, శనివారం

సాయంత్రం గురువుగారి ఫటఫటి మోటారుసైకిలు వచ్చింది, ఆయన గడ్డం నిండా దుమ్ము. ఒక్కొక్కరినే పిలిచి పిల్లల పాపసంకీర్తనాలు విన్నారు, ఎవరి తప్పులు వాళ్ళు ఆయన చెవిలో చెప్పుకోవడం. లూర్దు బయటికొచ్చి గుడి చుట్టూ రెండుసార్లు ఉరికింది. "ఏం జెప్పినవే" అని అత్తమ్మ అడగబోతే నేను అడ్డం పడ్డాను. అది అడగకూడదు.

రేపు పూజ అయ్యాక భోజనాలు మన ఇంట్లోనే. ముప్పై మంది. చేసేస్తాను.

ఏప్రిల్ 24

ఇవాళ రాయలేను.

ఏప్రిల్ 25, సోమవారం

రాయాలి. రాయకపోతే ఇది నా లోపలే పులుస్తుంది.

నిన్న కోడి కూసేసరికి పొయ్యి ముట్టించాను. రెండు డేగిసాల కోడికూర. అత్తమ్మ ఉల్లిగడ్డలు కోసి స్నానానికి పోయింది. కూర దింపే ముందు గరిటెతో అరచేతిలో ఇంత పులుసు పోసుకుని నాకాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. చెయ్యి చేసేసింది, గొంతు దించేసింది. ఉప్పు సరిపోయింది అనుకున్న తర్వాత గుర్తొచ్చింది.

తల దువ్వుకుంటూ పీట మీద లూర్దు. నన్నే చూస్తోంది.

"మింగినవా అమ్మా?"

"లేదు, ఉమ్మేశాను. పోయి గౌను వేసుకో."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది.

గుడిలో చాప మీద పిల్లల వెనక కూర్చున్నాను. పాట నేనే ఎత్తుకున్నాను, గొంతు కూడా బాగా పలికింది. ఒక్క చుక్క పులుసు, దేవుడు మరీ అంత పట్టింపు మనిషా అనుకున్నాను. నా ముందు ఇన్నమ్మ. అదే క్రిస్మసు గౌను, ఈ నాలుగు నెలల్లో మోకాళ్ళు దాటి పొట్టిదయింది. ఆ మోకాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

గంట కొట్టారు. తొలి సత్ప్రసాదం లోకొనే బిడ్డకు అటు తండ్రి, ఇటు తల్లి మోకరించి తామూ తీసుకోవాలి, మా దగ్గర అదే వాడుక. ఆయన లేచారు. లూర్దు లేచింది. నేను లేవలేదు.

లూర్దు వెనక్కి తిరిగి చూసింది. పూల కిరీటం ఒక పక్కకు ఒరిగింది, చేతిలో కొవ్వొత్తి. చాలాసేపు చూసింది. రమ్మని ఆయన భుజం తడితే అప్పుడు కదిలింది. దాని పక్కన నా చోటు ఖాళీగా ఉంది, గుడి మొత్తానికి కనబడేంత ఖాళీగా.

భోజనాల దగ్గర "పానం బాగలేదా టీచరమ్మా" అని మాత్రం అన్నారు, ఒకరి తర్వాత ఒకరు, కూర వడ్డించుకుంటూ. సత్ప్రసాదం వదులుకుందంటే ఏదో పెద్ద పాపమే ఉండాలి కదా. వాళ్ళ స్థానంలో ఉంటే నేను ఇంకా ఎక్కువే అనుకునేదాన్ని.

ఆయనకు చెప్పాను. "గింతేనా? ఎవలకెర్క?" అన్నారు. అత్తమ్మ మాత్రం అన్నం ముట్టలేదు. "నా మనుమరాలు ఒక్కతే పోయింది ముందటికి. తల్లి లేని పిల్ల లెక్క."

కానీ లేవకపోవడమే సరైనది. ఇప్పటికీ అదే అంటాను.

ఏప్రిల్ 26

శౌరమ్మ ఇంటికి పోయాను. మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నిలబడే చెప్పాను: ఉప్పు చూసి మింగాను, అందుకే లేవలేదు, నీ బిడ్డను ఆపినదాన్ని కాబట్టి ఈ మాట ముందు నీకే చెప్తున్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు. అట్లాగే అంది: "నా పోరి తిన్నది, తప్పే. గాని నువ్వు నాకు జెప్పాల్సింది. సక్కగ గురువుగారి కాడికి పోతివి. నేను నా బిడ్డను ఇంటికి తోల్కపోదును, నలుగురు సూడకపోదురు."

నిజం. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నాకు తట్టని నిజం. మిరపకాయల ఘాటు మీదికి నెట్టను, ఏడ్చాను. "కూసో" అని పీట జరిపింది. ఇద్దరం తొడిమలు తీశాం.

ఏప్రిల్ 27

సాయంత్రం జపమాల. మంగళవార్త జపం సగం నేను చెప్తాను, తక్కిన సగం లూర్దు అందుకోవాలి. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. మూడు రోజుల నుంచీ ఇంతే. అత్తమ్మే అందుకుంటోంది.

బిడ్డకు కోపం వచ్చింది. రావాల్సిందే. రేపు చెప్పేస్తాను. పిల్లలతో తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. మా అమ్మ చచ్చినా చెయ్యదు. నేను చేస్తాను, చేయగలను.

ఏప్రిల్ 28, గురువారం

బడి నుంచి రాగానే బావి దగ్గరికి తీసుకుపోయాను. చెప్పాల్సిన మాటలు దారిలోనే వరస పెట్టుకున్నాను.

"ఆ రోజు నేను మింగాను లూర్దూ. ఉమ్మేశానని నీతో అబద్ధం చెప్పాను."

"నాకెర్కే" అంది. "నీ గొంతు కదిలింది, నేను సూసిన."

సరే, ఇదీ అయిపోయింది అనుకున్నాను. చేద అందుకోబోయాను.

"నేను నీళ్ళు తాగిన" అంది.

ఎప్పుడు అన్నాను. గౌను వేసుకునేటప్పుడట. లోపల కుండలో ముంచుకుని. "నాకు దప్పికయింది. నువ్వు మింగి గూడ పోతున్నవ్ గదా, నేను తాగితే ఏమైతదని తాగిన. ఇద్దరం ఒక్కతీరే పోతమనుకున్న." చేద తాడు వేలికి చుట్టుకుంది. "నువ్వేమో లేవకపోతివి. నేను అప్పటికే లేచి నిలబడితిని. అందరు సూస్తున్రు. ఎట్ల కూసోవాల్నో తెల్వలే."

ఆ చూపు. కొవ్వొత్తి పట్టుకుని వెనక్కి తిరిగి చూసిన చూపు. అమ్మ పక్కన లేదనే బెంగ అనుకున్నాను నేను. నాలుగు రోజులు అట్లాగే అనుకుని, నా నిజాయితీని నేనే మెచ్చుకుంటూ, ఊళ్ళో చెప్పుకుంటూ తిరిగాను. అది నన్ను అడుగుతోంది అక్కడ. ఏం చెయ్యాలో అడుగుతోంది.

దగ్గరికి తీసుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. ఉపవాసం గురించి ఒక్క మాట అనలేదు. తప్పు నాది అన్నాను. "నీళ్ళు నేనే గద తాగింది" అంది. ఇంత సూటిగా మాట్లాడే పిల్లను ఎవరు పెంచారు... నేనే. ఏడుస్తూనే గర్వపడ్డాను, దేవుడు క్షమించుగాక.

ఏప్రిల్ 29, శుక్రవారం

అత్తమ్మకు చెప్పక తప్పలేదు. "పసిపిల్ల, ఇగ ఇడ్సిపెట్టు, మర్సిపోతది" అంది. మర్చిపోదు. తొమ్మిదేళ్ళప్పటివి నేనొక్కటీ మర్చిపోలేదు. పైగా ఇది మర్చిపోయే పిల్ల కాకూడదనే కదా ఇన్నాళ్ళూ నేర్పింది.

రేపు పొద్దున బస్సుకు మిర్యాలగూడ, పాపసంకీర్తనానికి. ఇద్దరమే. గురువుగారు ఉంటారో, ఊళ్ళు తిరగడానికి పోయారో తెలియదు. లేకపోతే అక్కడే ఆగుతాం. పెరుగన్నం మూట కట్టాను. ఆయనకు సూర్యాపేటకు చీటీ పంపాను, రేపు వస్తే ఇల్లు ఖాళీగా ఉందని కంగారు పడకుండా.

లూర్దు ఒకటే ప్రశ్నలు. గురువుగారు కోప్పడతడా? — పడడు. సత్ప్రసాదం మళ్ళ మొదట్నుంచి ఇస్తరా? — తెలియదే అన్నాను. నా నోట ఆ మాట విని నా మొహంలోకి చూసింది, హాస్యం కాదు కదా అని. గౌను పెట్టమంటావా మూటలో అంది. పెట్టు అన్నాను. పెట్టింది. మళ్ళీ తీసింది. ఇప్పుడు మంచం మీద ఉంది, మడత పెట్టి.

పాపసంకీర్తనానికి ఇద్దరం కలిసి లోపలికి పోవచ్చా అని అడిగింది. పోకూడదు, ఒక్కొక్కరే పోవాలి. "అయితే ఫస్టు నువ్వు పో" అంది. కాసేపటికి, "వద్దు, నేనే పోత. నువ్వు బయట ఉండు, ఈసారి పోవద్దు యాడికి" అంది. మళ్ళీ కాసేపటికి, "నువ్వు పోతే నేను బయట ఒక్కదాన్నే ఉండాలె గదా" అంది.

ముందు ఎవరు పోవాలో ఇంకా తేలలేదు.